క్వెరీ నడుస్తోంది

సోమవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు పోయిన వస్తువుల పునఃప్రాప్తి డైరెక్టరేట్‌లో ఎవరూ తుమ్మకూడదు. తుమ్మితే పదిన్నర దాకా ఆగాలి. ఆ వేళకి సిస్టమ్స్ విభాగం సూపరింటెండెంటు గుమ్మళ్ళ తారకేశం కంప్యూటర్ ముందు కూర్చుని, మానిటర్ మీద ఒక మందార పువ్వు పెట్టి, కళ్ళు మూసుకుని, ఉంగరం వేలితో ఒక మీట నొక్కుతాడు. క్వెరీ మొదలవుతుంది. గురువారం సాయంత్రానికి ముగుస్తుంది.

ఈ డైరెక్టరేట్ బెజవాడలో ఏలూరు కాలవ పక్కన, ఒకప్పటి ధాన్యం గిడ్డంగిలో ఉంది. జనం బస్సుల్లో, సినిమా హాళ్ళలో, కల్యాణ మండపాల్లో మర్చిపోయిన వస్తువులు కింద గోడౌన్‌కి చేరతాయి. మర్చిపోయిన జనం పైన కిటికీ దగ్గరికి చేరతారు. ఇద్దరికీ మధ్య ఇరవై రెండు మెట్లు. ఆ ఇరవై రెండు మెట్ల దూరాన్ని తగ్గించడానికి ప్రభుత్వం నలభై ఒక్కమంది ఉద్యోగుల్ని నియమించింది. ఆ నలభై ఒక్కమందీ తమ పనిని తారకేశం రాసిన క్వెరీకి అప్పగించి నిశ్చింతగా ఉన్నారు.

కంప్యూటర్లో రెండు పట్టికలున్నాయి. ఆఫీసులో వాటిని టేబుళ్ళంటారు. ఒకటి 'పోయినవి', రెండోది 'దొరికినవి'. క్వెరీ చేసే పని సూటిగా ఉంటుంది. పోయినవాటిలో మొదటి వరస పట్టుకుని, దొరికినవాటిలో మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఒక్కొక్కదాన్నే "నువ్వేనా, నువ్వేనా?" అని అడుగుతుంది. అడగడం అయ్యాక పోయినవాటిలో రెండో వరస పట్టుకుని మళ్ళీ మొదటికొస్తుంది. చోటు, తేదీ, వస్తువు పేరు మూడూ కలిస్తేనే జత కుదిరినట్టు. తొమ్మిదేళ్ళ కింద తారకేశం దీన్ని రాసిన రోజుల్లో పోయినవి మూడు వందలు, దొరికినవి నాలుగు వందలు. టీ చల్లారేలోపు పని అయిపోయేది. ఆ ఏడు జెండా పండగనాడు అతనికి ఒక షీల్డు కూడా ఇచ్చారు. ఇప్పుడు పోయినవి అరవై రెండు వేలు, దొరికినవి డెబ్భై ఒక్క వేలు. అంటే వారానికి నాలుగు వందల నలభై కోట్ల సార్లు "నువ్వేనా?"

తారకేశం ఈ లెక్కని చాలాకాలం గర్వంగా చెప్పుకున్నాడు. "నాలుగు వందల నలభై కోట్లండీ! మనిషి వల్ల అవుతుందా?" అనేవాడు.

క్వెరీ నడుస్తున్నంతసేపూ ఆఫీసులో ఇంకే పనీ ఉండేది కాదు. కిటికీ దగ్గర ఎవరేమడిగినా "క్వెరీ నడుస్తోంది" అనేవారు. క్రమంగా ఆ మాట మరిన్ని అవసరాలకి పనికొచ్చింది. సెలవు ఇవ్వలేకపోవడానికీ, సెలవు పెట్టడానికీ, ఫ్యాను బాగుచేయించకపోవడానికీ అదే కారణం. శుక్రవారం మాత్రం కాస్త ఇబ్బందిగా ఉండేది. ఆ రోజు "క్వెరీ ఇప్పుడే అయింది, అలిసిపోయి ఉంది" అని నెట్టుకొచ్చేవారు.

లోపం ఎక్కడుందో తారకేశానికి తెలియదనుకుంటే పొరపాటు. రెండేళ్ళ కింద అతన్ని హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకి పంపారు. మొదటి రోజు మొదటి అరగంటలోనే శిక్షకురాలు అంది: "నిఘంటువులో ఒక మాట వెతకాలంటే మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోతారా? అక్షరం చూసి తిన్నగా ఆ పేజీకే వెళతారు. పట్టికకి కూడా అట్లాగే సూచిక తయారుచేసి ఇవ్వాలి. ఒక్క వాక్యం రాస్తే చాలు. సూచిక లేకుండా రెండు పెద్ద పట్టికల్ని కలిపేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరూ ఉండరనుకోండి."

గదిలో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా తారకేశం నవ్వాడు. నవ్వి, చెవులు కాలిపోతుంటే మంచినీళ్ళ నెపంతో బయటికి పోయాడు.

తిరిగొచ్చాక వచ్చే సోమవారం ఆ వాక్యం రాసేద్దామనుకున్నాడు. కానీ మూడున్నర రోజుల పని ఒక్కసారిగా క్షణాల్లోకి వస్తే, "మరి ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు తయారుచేసుకున్నాక రాద్దామనుకున్నాడు. జవాబు రెండేళ్ళయినా తయారు కాలేదు. ఈలోగా మానిటర్ మీద మందార పువ్వు పెట్టడం మొదలుపెట్టింది కూడా అతనే.

ఆ సంవత్సరం ప్రభుత్వం 'వేగ సంవత్సరం' ప్రకటించింది. ప్రతి కార్యాలయమూ తన పనుల్లో అన్నిటికంటే నెమ్మదైనదాన్ని గుర్తించి, దాని కాలాన్ని పదోవంతుకి తగ్గించాలి. గడువు తొంభై రోజులు. దాంతోపాటే కొత్త డైరెక్టరు భుజంగరావు గారు వచ్చారు. ఆయన వేగంగా నడుస్తారు, వేగంగా సంతకం పెడతారు, ఎదుటివాడి మాట సగంలో ఉండగానే వేగంగా అర్థం చేసుకుంటారు.

"మన కార్యాలయంలో అత్యంత మందకొడి అంశం ఏది?" అని మొదటి సమావేశంలో అడిగారు.

నలభైమంది తారకేశం వైపు చూశారు.

"క్వెరీ సార్," అన్నాడు తారకేశం.

"క్వెరీయా? ఎవరు వేశారు?"

"నేనే సార్."

"మన కార్యాలయం మీద మనమే క్వెరీ వేసుకోవడం ఏమిటయ్యా! ఆడిట్ వాళ్ళు వేస్తారు, మనం జవాబిస్తాం. అదీ సావకాశంగా ఇస్తాం. అది సంప్రదాయం."

"ఇది ఆ క్వెరీ కాదు సార్. కంప్యూటర్ని మనం అడిగేది. రెండు టేబుళ్ళని కలుపుతుంది..."

"రెండు టేబుళ్ళు కలపడానికి మూడున్నర రోజులా? రాసుకోండి. సదరు రెండు టేబుళ్ళను శాశ్వత ప్రాతిపదికన కలుపుటకు తక్షణ చర్యలు గైకొనవలెను."

రాసుకున్నారు. నకళ్ళు అన్ని విభాగాలకీ పోయాయి. గురువారంనాడు ఇంజినీరింగ్ విభాగం నుంచి వడ్రంగి వచ్చి, తారకేశం టేబుల్నీ దాని పక్క టేబుల్నీ దగ్గరికి లాగి, నాలుగు ఇనప పట్టీలు వేసి బిగించేశాడు. ఇరవై నిమిషాలు పట్టింది. తారకేశం సొరుగు మధ్యలో ఇరుక్కుపోయింది. లోపల అతని టిఫిన్ డబ్బా ఉంది. అందులో గోంగూర పచ్చడి ఉంది. "టేబుళ్ళు కలపబడినవి, పట్టిన సమయం ఇరవై నిమిషములు" అని నివేదిక వెళ్ళాక, మూడున్నర రోజుల పనిని ఇరవై నిమిషాలకు కుదించినందుకు డైరెక్టరు గారికి పైనుంచి అభినందనలు వచ్చాయి. క్వెరీ మాత్రం మామూలుగా గురువారం సాయంత్రానికే ముగిసింది.

పొరపాటు తెలిశాక భుజంగరావు గారు చిన్నబుచ్చుకోలేదు. తారకేశాన్ని గదిలోకి పిలిచి, "ఇది ఎందుకు నెమ్మది? ఒక్క ముక్కలో చెప్పండి," అన్నారు.

ఆ ఒక్క ముక్కా నాలుక చివరిదాకా వచ్చింది. తారకేశం దాన్ని మింగేసి, "వరసలు ఎక్కువైపోయాయి సార్," అన్నాడు. అదీ అబద్ధం కాదు. నిజానికి చుట్టం.

"అయితే తగ్గించండి."

మొదటి సర్క్యులర్ పోగొట్టుకునేవారి మీద వచ్చింది. "ఇకపై ప్రజలు ఏ వస్తువునైనను పోగొట్టుకొనుటకు మూడు దినములు ముందుగా నిర్ణీత ఫారములో సమాచారము ఇవ్వవలెను." ఫారం తయారుచేసింది తారకేశమే. పోగొట్టుకొనదలచిన వస్తువు, పోగొట్టుకొనదలచిన స్థలము, కారణము అని మూడు గళ్ళు గీశాడు. గీశాక పని మీద గౌరవం కలిగి, ఎవరూ అడక్కుండానే సాక్షి సంతకానికి నాలుగో గడి కూడా పెట్టాడు. ఫారం నింపనివారి పాత ఫిర్యాదులు కొట్టేశారు. క్వెరీ మూడు రోజులకి దిగింది.

రెండో సర్క్యులర్ దొరకబుచ్చుకునేవారి మీద. "విధి నిర్వహణలో సిబ్బందికి ఏదైనా వస్తువు కనిపించినచో, అది కనిపించనట్లు పరిగణించవలెను." కొత్త వస్తువుల రాక పలచబడింది. క్వెరీ ఇంకో పూట తగ్గింది.

భుజంగరావు గారు గోడకి ఒక గ్రాఫు తగిలించారు. ఎర్రగీత ఎడమ నుంచి కుడికి దిగుతోంది. నెలాఖరు సమావేశంలో దాన్ని చూపుడు వేలితో నిమురుతూ, "ఈ గీత ఎంత కిందికి పోగలదు తారకేశం గారూ?" అన్నారు.

తనని గారూ అనడంతో తారకేశానికి కాస్త పైకి లేచినట్టయింది. నిపుణుడిగా మాట్లాడాలనిపించింది. "సిద్ధాంతపరంగా అయితే సార్, రెండు టేబుళ్ళూ ఖాళీగా ఉంటే సున్నా," అని నవ్వాడు.

ఆయన నవ్వలేదు. కలం తీశారు.

మూడో సర్క్యులర్ మర్నాడే వచ్చింది. దాని పేరు 'దొరికిన వస్తువుల విముక్తి పథకం'. ముప్పై రోజులు దాటిన ప్రతి వస్తువునూ గోడౌన్ నుంచి లారీల్లో ఊరి బయట చెత్త యార్డుకి తరలించి నుగ్గు చేయాలి. లారీలు వచ్చే బుధవారం వస్తాయి. వాటి వరసల్ని టేబుల్లోంచి తీసేసే బాధ్యత, "ఈ మహత్తర ఆలోచనకు మూలపురుషుడైన" గుమ్మళ్ళ తారకేశానిది.

ఆ సోమవారం కిటికీ దగ్గర షేక్ మీరాబీ నిలబడి ఉంది.

చిలకలూరిపేట నుంచి వస్తుంది. యాభై ఏళ్ళుంటాయి. నాదస్వరం ఆమె వృత్తి. నలభై రోజుల కింద నూజివీడులో ఒక పెళ్ళికి వాయించి, బస్సెక్కి, పై అరలో వాయిద్యం పెట్టి కునుకు తీసింది. బెజవాడలో ఎవరో కుదిపి లేపితే గాభరాగా దిగిపోయింది. ఇది ఆరో సోమవారం. ఆమె ఫారం కూడా నింపింది. 'పోగొట్టుకొనదలచిన కారణము' దగ్గర 'నిద్ర పట్టింది' అని రాసింది. సాక్షి గడిలో తన డోలు కళాకారుడి చేత సంతకం పెట్టించింది.

"గురువారం రమ్మంటారు, గురువారం వస్తే లేదంటారు. మళ్ళా సోమవారం మొదలుపెడతాం అంటారు," అందామె. "నేను తొందరపెట్టట్లేదయ్యా. కానీ పై వారం కోటప్పకొండ కాడ కల్యాణం ఉంది. అరువు సన్నాయి పట్టుకుని తిరుగుతున్నా. అది నా మాట వినట్లేదు."

"వినకపోవడమేమిటమ్మా? వాయిద్యమే కదా."

"నా సన్నాయి ముప్పై ఏళ్ళు నా ఊపిరికి అలవాటైంది. ఇది వేరేవాళ్ళది. నేను ఒకటంటే అది ఒకటంటది. మొన్న పెళ్ళిలో మేళం మార్చుకుందామని పెళ్ళివారు నా ముందరే అనుకున్నారు."

తారకేశం అలవాటుగా "క్వెరీ నడుస్తోంది" అనబోయి, వెనక్కి తిరిగి లెక్క వేసుకున్నాడు. నలభై రోజులు. ముప్పై దాటింది. ఆ సన్నాయి కింద గోడౌన్లో ఉన్నట్టయితే బుధవారం లారీ ఎక్కుతుంది. క్వెరీ ఇప్పుడు మొదలైంది. ఎంత తొందరపడ్డా బుధవారం సాయంత్రానికి గాని తేలదు. తెలిసేసరికి నుగ్గయిపోతుంది.

కిందికి పరుగెత్తాడు. గోడౌన్ కీపరు ఏసుపాదం స్టూలు మీద కూర్చుని గోనె సంచుల మూతులు కుడుతున్నాడు. అతని వెనక డెబ్భై వేల వస్తువులు నంబర్లు వేసిన సంచుల్లో కప్పు దాకా ఉన్నాయి.

"ఏసుపాదం, ఇందులో సన్నాయి ఉందా?"

"ఏమోనండి. నా దగ్గర నంబర్లే ఉంటాయి. పేర్లు పైన మీ కంప్యూటర్లో ఉంటాయండి."

"చూసి చెప్పలేవూ?"

"కుట్టేసిన సంచి విప్పాలంటే క్వెరీలో జత కుదరాలండి. సర్క్యులర్ ఉంది. మీ సంతకంతోనే ఉంది."

ఉంది. తారకేశానికి గుర్తొచ్చింది. ఆ సర్క్యులర్లో 'ఎట్టి పరిస్థితులలోను' అనే మాట కింద గీత కూడా తనే గీశాడు.

తిన్నగా డైరెక్టరు గదిలోకి వెళ్ళాడు. చేతులు కట్టుకున్నాడు. "సార్, లారీలు వద్దు. క్వెరీని ఒక్క వాక్యంతో వేగం చెయ్యొచ్చు. ఆ వాక్యం నాకు రెండేళ్ళుగా తెలుసు," అన్నాడు.

భుజంగరావు గారు కళ్ళద్దాలు తీశారు. "తెలిసీ ఎందుకు రాయలేదు?"

ఈ ప్రశ్నకే అతను రెండేళ్ళుగా భయపడుతున్నాడు. తీరా అడిగాక జవాబు చాలా చిన్నదిగా తేలింది.

"సిగ్గేసింది సార్."

"సిగ్గు సేవా నిబంధనల్లో లేదు," అన్నారు డైరెక్టరు గారు. "సరే, ఆ వాక్యాన్ని ఫైలు మీద పెట్టండి. సంబంధిత విభాగాల అభిప్రాయం తీసుకుని పరిశీలిద్దాం. లారీల విషయం వేరు, అది ఇప్పటికే పరిశీలించబడినది."

తారకేశం వాక్యాన్ని ఫైలు మీద పెట్టాడు. వేగ సంవత్సరం కనుక ఫైలు మధ్యాహ్నానికల్లా రెండు విభాగాలు తిరిగింది. భాషా విభాగం, "వాక్యం ఆంగ్లంలో ఉన్నది, అనువదించి పంపవలెను" అని రాసింది. అనువదించి పంపితే, "వాక్యంలో కర్త లోపించినది" అని రాసింది. లీగల్ విభాగం ఆ వాక్యం రాయడం వల్ల ఇంతకుముందు రాయని వాక్యాలకు బాధ్యులెవరో తేల్చమంది. మంగళవారం పొద్దున ఫైలు లీగల్ విభాగంలో అడుగున చేరింది. దాని మీద మూడు ఫైళ్ళూ, ఒక మరచెంబూ ఉన్నాయి.

మంగళవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచారు. తారకేశం సీట్లో కూర్చుని తెర వైపు చూశాడు. క్వెరీ నడుస్తోంది. నువ్వేనా, నువ్వేనా, నువ్వేనా. కిటికీ బయట బెంచీ మీద మీరాబీ కూర్చుని ఉంది. ఊరికి పోయి రావడమెందుకని ఈసారి బెజవాడలోనే చుట్టాలింట్లో దిగింది.

తారకేశం మందార పువ్వు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. క్వెరీని ఆపేశాడు.

తొమ్మిదేళ్ళలో ఎవరూ ఆ పని చెయ్యలేదు. పిడుగు పడుతుందేమోనని ఒక క్షణం భుజాలు ముడుచుకుని కూర్చున్నాడు. ఏమీ పడలేదు. వాక్యం టైపు చేశాడు. రెండుసార్లు తప్పు వచ్చింది. మూడోసారి కంప్యూటర్ ఒప్పుకుంది. సూచిక తయారవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. తర్వాత క్వెరీని మళ్ళీ నడిపాడు.

మీట మీంచి వేలు తీసి, కుర్చీలో వెనక్కి వాలి, నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాడు. తెర మీద ఫలితం వచ్చేసింది.

నాలుగు సెకన్లు.

పాడైపోయిందనుకున్నాడు. మళ్ళీ నడిపాడు. మళ్ళీ నాలుగు సెకన్లు. పన్నెండు జతలు కుదిరాయి. తొమ్మిది గొడుగులు, మూడు టిఫిన్ క్యారియర్లు. నిరుడు ఏ వారం తీసుకున్నా ఇంచుమించు ఇవే. గొడుగు పోయినవాడూ గొడుగనే రాస్తాడు, దొరికినవాడూ గొడుగనే రాస్తాడు. కనుక ఈ ఆఫీసులో గొడుగులవాళ్ళు ఎప్పుడూ సంతోషంగా వెళ్ళేవారు.

నాదస్వరం లేదు.

కిటికీ దగ్గరికి వెళ్ళాడు. రెండేళ్ళ బరువు దించుకున్న ఉత్సాహం ఇంకా ఒంట్లో ఉంది. "అయిపోయిందమ్మా! నాలుగు సెకన్లలో అయిపోయింది!" అన్నాడు.

మీరాబీ లేచి నిలబడింది. "ఉందా అయ్యా?"

"అంటే... లేదమ్మా. కానీ నాలుగు..."

ఆమె బెంచీ మీద సంచి తీసుకుంది. కొంగు సర్దుకుంది. "గురువారం దాకా ఉందేమో అనుకునేదాన్ని," అంది. "ఇప్పుడే చెప్పేశారు."

నలభై ఒక్కమంది తొమ్మిదేళ్ళుగా ఈ కిటికీలోంచి ఏమి పంచిపెడుతున్నారో అతనికి అప్పుడు తెలిసింది. వస్తువులు కాదు, మూడున్నర రోజుల ఆశ. తన ప్రతిభతో దాన్ని నాలుగు సెకన్లకి తెగ్గోశాడు.

"ఆగండమ్మా," అన్నాడు. "ఒక్క నిమిషం కూర్చోండి."

వెనక్కి వచ్చి కూర్చున్నాడు. నాలుగు సెకన్లలో పని అయిపోవడం వల్ల అతనికి మొట్టమొదటిసారిగా ఆలోచించడానికి ఖాళీ దొరికింది. చోటూ తేదీ మాత్రం ఉంచి, క్వెరీలోంచి వస్తువు పేరు తీసేశాడు. మీరాబీ ఎక్కిన బస్సు, ఆమె దిగిన తేదీ. ఆ రోజు ఆ బస్సులో దొరికినవి మూడే.

గొడుగు.

పిల్లల చెప్పు, ఎడమది.

చెక్క గొట్టం, పొడుగు, ఒక చివర వెడల్పు.

తారకేశం ఆ మూడో వరసని నాలుగుసార్లు చదివాడు. వస్తువుల చీటీలు చూసి టేబుల్లోకి ఎక్కించేవారు చివర తమ పొడి అక్షరాలు వెయ్యాలి. ఆ వరస చివర 'జి.టి.' అని ఉంది. ఆఫీసులో జి.టి. ఒక్కడే. గుమ్మళ్ళ తారకేశం.

అతనికి కాస్త కాస్తగా జ్ఞాపకం వచ్చింది. ఆ రోజు చీటీతో పాటు ఆ వస్తువు పైకే వచ్చింది. రెండు టేబుళ్ళు బిగించాక తన సొరుగు రావడం లేదు. దాన్ని ఊడబెరకడానికి ఏదైనా పొడుగాటిది దొరుకుతుందా అని చూస్తుంటే ఇది చేతికందింది. సందులో పెట్టి రెండుసార్లు తన్ని, సొరుగు రాకపోయేసరికి విసుక్కుని, 'చెక్క గొట్టం' అని టైపు చేసి కిందికి పంపేశాడు. ఈ సంగతి ఇప్పటిదాకా ఆ పచ్చడి డబ్బాకి తప్ప ఎవరికీ తెలియదు.

మీరాబీని వెంటబెట్టుకుని మెట్లు దిగాడు. దిగుతూ అన్నీ చెప్పేశాడు, సొరుగు సంగతితో సహా. ఆమె ఒక మెట్టు మీద ఆగి అతని మొహంలోకి చూసింది.

"దాంతో సొరుగు తీశారా?"

"రాలేదమ్మా."

"రాదు," అంది ఆమె, మళ్ళీ దిగుతూ.

చోటూ తేదీ అయినా జత కుదిరాయి కదా అని ఏసుపాదం సంచి నంబరు చూసి, మూడో వరసలోంచి లాగి, కుట్టు తెంపాడు. ముదురు గోధుమ రంగు నాదస్వరం బయటికి వచ్చింది. మూతి దగ్గర చిన్న గీత పడింది తప్ప బాగానే ఉంది. మీరాబీ చెయ్యి చాచింది. ఏసుపాదం ఇవ్వలేదు.

"తప్పుగా అనుకోకండమ్మా. ఇందులో చెక్క గొట్టం అనుంది. మీరు నాదస్వరం అంటున్నారు. ఈ గొట్టం ఆ నాదస్వరమేనని ఆధారం కావాలి. గడి ఉందండి."

మీరాబీ సంచిలోంచి చిన్న డబ్బీ తీసింది. అందులో దూది మీద రెండు పీకలున్నాయి. ఒకదాన్ని పెదాల మధ్య తడిపి, వాయిద్యానికి బిగించి, కళ్ళు మూసుకుని ఊదింది.

మొదట గాలి వచ్చింది, తర్వాత దుమ్ము వచ్చింది. ఆ తర్వాత ఆ పాత ధాన్యం గిడ్డంగి రేకుల కప్పు కింద ఎన్నడూ వినపడనిది వినపడింది. మోహన రాగం అని తర్వాత ఏసుపాదం చెప్పాడు, అతను చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. పైన భోజనాల దగ్గర ఉన్నవాళ్ళు ఎంగిలి చేతులతో మెట్ల మీదికి వచ్చారు. కిటికీ దగ్గర వరసలో ఉన్న జనం కూడా వచ్చారు. ఏసుపాదం ఆధారం గడిలో ఏదో రాశాడు. కొట్టేశాడు. మళ్ళీ రాశాడు. చివరికి 'విన్నాను' అని రాసి సంతకం పెట్టాడు.

భుజంగరావు గారు వేగంగా మెట్లు దిగి వచ్చారు. "ఏమిటీ కచేరీ? క్వెరీ నడుస్తోందా లేదా?"

"అయిపోయింది సార్," అన్నాడు తారకేశం. "నాలుగు సెకన్లు పట్టింది."

"ఎవరి అనుమతితో?"

"అనుమతి మరచెంబు కింద ఉంది సార్."

డైరెక్టరు గారు చుట్టూ చూసి, అతన్ని సంచుల వెనక్కి తీసుకెళ్ళి, గొంతు తగ్గించారు. "నాలుగు సెకన్లా! తారకేశం గారూ, మీరు ఈ నలభై ఒక్కమంది కుటుంబాల గురించి ఆలోచించారా? సోమవారం పది గంటల పది నిమిషాల నాలుగు సెకన్ల నుంచి గురువారం సాయంత్రం దాకా వీళ్ళు ఏం చేస్తున్నట్టు నేను రాయాలి?"

"చేయాల్సింది చాలా ఉంది సార్."

"అదే ప్రమాదం," అన్నారాయన.

అయినా ఆయన తెలివైన అధికారి. ఆలోచన వేగంగా మారింది. సాయంత్రానికల్లా పైకి నివేదిక వెళ్ళింది: మూడున్నర రోజుల పని, డైరెక్టరు గారి నిరంతర పర్యవేక్షణలో నాలుగు సెకన్లకు తగ్గించబడినది. లక్ష్యం నెరవేరిపోయింది కనుక లారీలు అనవసర ఖర్చు అని రద్దు చేశారు. వస్తువుల మీద జాలితో ఒక్కరూ ఒక్క మాట అనలేదు. రాష్ట్రంలో మనదే మొదటి స్థానమని శుక్రవారం కబురొచ్చింది. అదే రోజు తారకేశానికి ఒకే కవర్లో రెండు కాగితాలు అందాయి. ఒకటి, కార్యాలయ క్వెరీని అనుమతి లేకుండా ఆపినందుకు సంజాయిషీ కోరుతూ మెమో. రెండు, దాన్ని వేగవంతం చేసినందుకు ప్రశంసాపత్రం. రెండింటి మీదా ఒకే సంతకం, ఒకే తేదీ. నంబర్లు కూడా పక్కపక్కనే.

మెమోకి అతను జవాబు రాశాడు. జీవితంలో అంత చిన్న జవాబు ఎప్పుడూ రాయలేదు. 'నిజమే. ఆపాను.' దాని కింద ఒక కోరిక జతచేశాడు. గోడౌన్లో డెబ్భై వేల వస్తువుల పేర్లు చాలావరకు తప్పు. చాలావాటి చివర జి.టి. అని ఉంది. ఒక్కొక్కటీ విప్పి చూసి, పేరు సరిచేసి, మళ్ళీ ఎక్కించడానికి అనుమతించవలసిందిగా మనవి.

భుజంగరావు గారు పిలిపించారు. "ఒక్కో వస్తువుకి ఎన్ని సెకన్లు పడుతుంది?"

"సెకన్లు కాదు సార్. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. కొన్నిటికి ఇంకా ఎక్కువ. చూడాలి కదా సార్."

"చూడటాన్ని వేగవంతం చేసే వాక్యం ఏదైనా ఉందా?"

"తెలియదు సార్. ఉన్నా ఈసారి దాచను."

ఆయన కలం తీశారు. నలభైమందికి సోమవారం నుంచి గురువారం దాకా ఏదో ఒక పని చూపించాలి కనుక, 'అనుమతించడమైనది' అని రాశారు.

సోమవారం పొద్దున ఏసుపాదం మొదటి సంచి పైకి మోసుకొచ్చి కుట్టు విప్పాడు. తారకేశం చెయ్యి పెట్టి ఒక వస్తువు బయటికి తీశాడు. జానెడు పొడవు. నున్నటి చెక్క. రెండు కొసలూ మొనదేలి ఉన్నాయి, మధ్యలో తొలిచి ఉంది. టేబుల్లో చూశాడు. 'పడవ బొమ్మ, విరిగినది. జి.టి.' అని ఉంది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అది పడవ బొమ్మ కాదని మాత్రం తెలుస్తోంది. ఏసుపాదం వైపు చూశాడు. ఏసుపాదం తల అడ్డంగా ఊపాడు.

కిటికీ బయట అప్పటికే పాతిక మంది వరసలో ఉన్నారు. తారకేశం లేచి వెళ్ళి, కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, ఆ వస్తువుని పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇదేమిటో నాకు తెలియదండీ," అన్నాడు. "మీలో ఎవరికైనా తెలుసా?"

వరస అంతా ఒకసారి ముందుకి వంగింది. ఎవరో దువ్వెన పెట్టె అన్నారు, ఇంకెవరో కాదన్నారు. వెనకనుంచి మంగళగిరి ముసలాయన ఒకాయన మనుషుల్ని తోసుకుంటూ వచ్చి, చువ్వల మధ్య నుంచి చెయ్యి లోపలికి పెట్టాడు.

"నాడె కదయ్యా అది! మగ్గం మీద ఆడే నాడె. ఇటియ్యి, ఎట్టా పట్టుకోవాలో చూపిస్తా."